పాత కంప్యూటరును వదిలించుకొనే ముందు – సభ్యులకు ఒక పాఠం

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత యంత్రాలు చాలావాటికి విండోస్ 11 సరిపడదు. చోడవరం, మాడుగుల, నర్సీపట్నం, ఎలమంచిలి ప్రాంతాల సభ్యుల ఇండ్లలో కూడ ఇట్టి కంప్యూటర్లు పాత సామాన్ల బండి ఎక్కవచ్చును. కనుక ఈ పాఠాన్ని సభ్యులు శ్రద్ధగా చదవాలని కోరుతున్నాము.

పోయేది ఏమిటి?

ఇంటి కంప్యూటరులో పిల్లల చదువు కాగితాలే ఉండవు. ఆధార్ నకళ్ళు, బ్యాంకు వివరాలు, పట్టాదారు పాసు పుస్తకం, పశువుల బీమా పత్రాలు ఉంటాయి. కార్యదర్శి ఇంటి వద్ద లెక్కలు వేసే అలవాటుంటే, సభ్యులందరి ఖాతా నంబర్లు, పాల చెల్లింపుల జాబితాలు ఉంటాయి. అప్పుడు నష్టం ఒక ఇంటిది కాదు, సంఘమంతటిది.

చెరిపితే పోదా?

పాల క్యానును చన్నీళ్ళతో తొలిస్తే పైకి శుభ్రంగానే కనబడుతుంది. కాని మూత కింద, అంచుల్లో మిగిలిన జిడ్డులోని సూక్ష్మజీవులు సాయంత్రం పాలను విరిచేస్తాయి. ఫైలును ‘డిలీట్’ చేయడమూ అంతే. విషయసూచికలో పేరు కొట్టివేసినట్లవుతుంది గాని, లోపలి పేజీ అట్లే ఉంటుంది. తెలిసినవారు దానిని తిరిగి చదవగలరు.

రీసెట్ విఫలమైతే

రీసెట్‌కు అవసరమైన ఫైళ్ళు పాడైనా, డిస్కు దెబ్బతిన్నా ఆ పని మధ్యలో ఆగిపోతుంది. ‘మార్పులేమీ జరగలేదు’ అని తెర మీద కనబడితే సమాచారమంతా లోపలే ఉన్నదని గ్రహించాలి. అప్పుడు ఈ వరుసలో ప్రయత్నించండి.

1. కావలసిన ఫైళ్ళను వేరే డిస్కులోకి నకలు తీసి, అవి తెరుచుకొంటున్నవో లేదో చూడండి. ఆ డిస్కును ఊడదీసి పక్కన పెట్టండి.

2. ఛార్జరు తగిలించి, ‘క్లౌడ్ డౌన్‌లోడ్’ పద్ధతిలో మరల రీసెట్ చేయండి. ‘అన్నీ తొలగించు’ అనుదానితోబాటు డిస్కు శుభ్రపరచే వీలును కూడ ఎంచుకోండి.

3. అదీ కాకుంటే, వేరొక కంప్యూటరులో మైక్రోసాఫ్ట్ వారి ఉచిత సాధనంతో 8 జీబీ పెన్‌డ్రైవును సిద్ధం చేసి, దానితో పాత యంత్రాన్ని తెరవండి. మొదటి తెర రాగానే షిఫ్ట్, ఎఫ్10 మీటలు కలిపి నొక్కండి. వచ్చిన నల్ల తెరలో ‘డిస్క్‌పార్ట్’, ‘లిస్ట్ డిస్క్’, ‘సెలెక్ట్ డిస్క్’ (దాని నంబరుతో), ‘క్లీన్ ఆల్’ అను ఆజ్ఞలను ఒకదాని తరువాత ఒకటి ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేయాలి. ఇది డిస్కు అంతటా సున్నాలు నింపుతుంది. పెద్ద డిస్కుకు గంటలు పడుతుంది.

హెచ్చరిక: జాబితాలో పెన్‌డ్రైవు కూడ కనబడుతుంది. పరిమాణం చూసి నంబరు నిర్ధారించుకోండి. ‘క్లీన్ ఆల్’ మరొకసారి అడగదు. పోయినది తిరిగి రాదు.

4. ఎస్‌ఎస్‌డి రకం డిస్కులో సున్నాలు నింపినా కొన్ని భాగాలు మిగలవచ్చు. తయారీదారు ఇచ్చిన ‘సెక్యూర్ ఎరేజ్’ సాధనం వాడడం మేలు.

5. కంప్యూటరు అసలు తెరుచుకోకపోయినా, మధ్యలో తప్పులు చూపినా మరలు విప్పి డిస్కును బయటికి తీయండి. హార్డు డిస్కు లోపలి పళ్ళేలకు రంధ్రాలు వేయించండి. ఎస్‌ఎస్‌డి అయితే లోపలి చిప్పులన్నీ పగలాలి. లాప్‌టాప్ బ్యాటరీని మాత్రం గుచ్చరాదు, కొట్టరాదు, నిప్పంటుకొంటుంది.

ఎవరికి ఇవ్వాలి?

2022 నాటి ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నవి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదైన రీసైక్లింగ్ సంస్థకు గాని, తయారీ సంస్థ సేకరణ కేంద్రానికి గాని ఇచ్చి, రసీదు తీసుకోండి. రాగి కోసం తీగలు కాల్చనీయకండి. పాత పరికరాలలోని సీసం బూడిదతో మేతలో, చెరువులో చేరితే పశువులకు విషమే.

సంఘ సమావేశంలో చర్చకు

1. మన సభ్యుల వివరాలు ఎవరెవరి ఇంటి కంప్యూటర్లలో ఉన్నవి?
2. పాత యంత్రాన్ని తీసివేసేటప్పుడు డిస్కు చెరిపినట్లు మినిట్సు పుస్తకంలో వ్రాస్తున్నామా?
3. అందరి కోసం ఒక పెన్‌డ్రైవును సంఘంలో సిద్ధంగా ఉంచుదామా?