ఎడమకాలి లెక్క
(సందేహాలు – సమాధానాలు)

ప్రశ్న: మాది లక్కబొమ్మల పని. మా వాడికి పదిహేనేళ్లు, ఫుట్‌బాల్ పిచ్చి. కుడికాలితో తంతే బంతి ఎక్కడికో పోతుంది. ఎడమకాలు బలహీనంగా ఉందని, ఇలాగే ఆడితే మోకాలు పోతుందని కోచ్ అన్నారట. వాళ్లమ్మ ఆట మానిపించమంటోంది. ఏం చెయ్యమంటారు?
– ఒక తండ్రి, ఏటికొప్పాక

జవాబు: మానిపించకండి. ముందు కొలవండి.

అంకుడు కర్ర బొంగరానికి ములుకు కాస్త పక్కకి పడితే అది తూలుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. కాళ్లు బొంగరం కాదు, వాటి మధ్య కొద్దిపాటి తేడా మామూలే. పైగా కుడికాలు బంతిని తన్నే క్షణంలో ఒంటి బరువంతా మోసేది ఎడమకాలే. అది పనిలేని కాలు కాదు, దాని పని వేరు.

వాకిట్లో సుద్దముక్కతో గీత గీయండి. ఒంటికాలిమీద ముందుకు గెంతి, అదే కాలిమీద దిగమనండి. దిగాక రెండు సెకన్లు కదలకుండా నిలబడితేనే ఆ గెంతు లెక్క. గీత నుంచి మడమ దాకా టేపుతో కొలవండి. కాలికి మూడేసి గెంతులు, వాటిలో పెద్దది రాసుకోండి. కుడికి 160 సెంటీమీటర్లు, ఎడమకి 138 వచ్చాయనుకోండి. ఎడమది కుడిదాంట్లో 86 శాతం. 90 దాటితే సాధారణంగా బెంగ అక్కర్లేదు, తగ్గితే కసరత్తు చేయించాలి.

నేనైతే అంకె కన్నా మోకాలినే ఎక్కువ నమ్ముతాను. వాడు దిగేటప్పుడు ఎదురుగా కూర్చుని చూడండి. మోకాలు పాదం మీదుగా నిలవకుండా లోపలికి వాలుతోందా? నడుము ఒకపక్కకి జారుతోందా? ఎవరూ గుద్దకుండానే మోకాలి లిగమెంటు తెగిన ఆటగాళ్లలో చాలామందికి మోకాలు అలా లోపలికి వాలినప్పుడే తెగింది. లోపం తరచుగా మోకాలిలో ఉండదు, తుంటి పక్క కండరాల్లో ఉంటుంది.

కసరత్తుకి జిమ్ అక్కర్లేదు, పొట్టి అరుగో మెట్టో చాలు. ఎడమకాలు పైన పెట్టి, ఆ కాలి బలంతోనే లేవాలి. కింది కాలితో నేలని తన్నకూడదు. ఒకటి, రెండు, మూడు అనుకుంటూ నిదానంగా దిగాలి. ఎడమతో మొదలుపెట్టి, అది పది చేస్తే కుడితోనూ పదే చేయించండి. ఓపిక ఉంది కదా అని కుడితో ఇరవై చేయిస్తే తేడా తరగదు. వారానికి మూడు రోజులు చేయించి, రెండు నెలలకి మళ్లీ గీత గీయండి.

ప్రశ్న: మా స్కూల్లో పిల్లలకి ఏడు కదలికల పరీక్ష పెట్టాం. 21కి 14 దాటనివాళ్లని జట్టు నుంచి తప్పించాలా?
– పీఈటీ, యలమంచిలి

జవాబు: వద్దు. 14 దాటకపోతే దెబ్బ తగులుతుందని ఒకప్పుడు గట్టిగా చెప్పేవారు. తర్వాతి పరిశోధనల్లో ఆ గీత అంతగా నిలబడలేదు. మొత్తం మార్కులు పక్కన పెట్టి రెండే చూడండి: ఏ కదలికలో నొప్పి వచ్చింది, ఎక్కడ కుడికీ ఎడమకీ మార్కు తేడా వచ్చింది. మీకు దొరికే సమయం ఆటకి ముందు ఇరవై నిమిషాలే అయితే ఫిఫా 11+ వార్మప్ చేయించండి. పరీక్షల కన్నా అదే ఎక్కువ మోకాళ్లని కాపాడుతుంది.

ప్రశ్న: రోజూ ఎడమకాలితో ఆడితే ఆ కాలికి బలం వస్తుందా సార్?
– ఇంటర్ విద్యార్థిని, నర్సీపట్నం

జవాబు: నేర్పు వస్తుందమ్మా. హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం వాటం లేని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మనకి బంగారు పతకం తెచ్చిన జట్టు ఆయన తీర్చిదిద్దిందే. బలం మాత్రం వేరు, దానికి పైన చెప్పిన మెట్టు కసరత్తే. ఆ కసరత్తు నువ్వు అస్సలు మానకు, ఎందుకంటే ఈ ఆటలో లిగమెంటు దెబ్బలు అబ్బాయిల కన్నా అమ్మాయిలకి రెండింతలకి పైగా ఎక్కువ. ఎప్పుడైనా మోకాలు మెలిపడి టప్పుమని చప్పుడొచ్చినా, కొన్ని గంటల్లో వాచినా ఆట అక్కడే ఆపి ఎముకల డాక్టరుకి చూపించు. పట్టీ కట్టుకుని మళ్లీ గ్రౌండులోకి దిగొద్దు.