అంతర్జాల సభలో తెలుగు

పాఠ్యభాగ ఉద్దేశం

అంతర్జాలానికి నియమాలు ఏర్పరచేవారెవరో, ఆ నియమాలలో తెలుగు లిపికి స్థానం ఏ విధంగా లభించిందో, పౌరుని వాక్‌స్వాతంత్ర్యానికీ వాటికీ గల సంబంధమేమిటో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అనే మూడు ఊర్ల పేర్లను ఇంగ్లీషు అక్షరాలలో ఏ విధంగా రాస్తున్నారో గమనించండి. జగిత్యాల పేరులో గకారం మీది ఇకారం లోపించింది. చివరి లకారం అచ్చును కోల్పోయి పొల్లుగా మారింది. సిరిసిల్లలో రెండవ అక్షరానికి ఇదే గతి పట్టింది. కోరుట్లలో మొదటి అక్షరం హ్రస్వమో దీర్ఘమో తెలియదు. తెలిసిన ఊర్లు గనుక మనం సరిగానే చదువుకొంటాం. కంప్యూటరుకు ఊరు తెలియదు, అక్షరం మాత్రమే తెలుసు. అందువల్ల అంతర్జాలంలో ఏ అక్షరాలకు చోటు ఉన్నది, ఆ చోటు ఇచ్చేవారెవరు అన్న ప్రశ్నలు మనకు ముఖ్యమైనవి.

అంతర్జాలంలోని ప్రతి కంప్యూటరుకూ సంఖ్యారూపమైన చిరునామా ఉంటుంది. సంఖ్యలను జ్ఞాపకముంచుకోవడం కష్టం గనుక వాటికి బదులుగా పేర్లను వాడే వ్యవస్థను 1983లో పాల్ మోకాపెట్రిస్ అనే శాస్త్రవేత్త రూపొందించారు. వీటినే డొమైన్ పేర్లు అంటారు. ఇంగ్లీషు అక్షరాలు 26, అంకెలు 10, ఒక చిన్న అడ్డగీత. తొలినాటి పేర్లకు ఇంతే సామగ్రి.

ఒకే పేరును ఇద్దరు పెట్టుకొంటే వ్యవహారం సాగదు. కనుక పేర్ల పట్టికను నిష్పక్షపాతంగా నిర్వహించేవారు కావాలి. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన జాన్ పోస్టెల్ చాలాకాలం ఈ బాధ్యతను వహించారు. ఆయన మంత్రి కాదు, సేనాని కాదు. పక్షపాతం చూపడన్న నమ్మకమే ఆయన అధికారానికి ఆధారం. అంతర్జాలం విశ్వమంతటా వ్యాపించిన తరువాత ఆ నమ్మకాన్ని ఒక సంస్థకు అప్పగించవలసి వచ్చింది. 1998 సెప్టెంబరు 30న ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. మరి పదహారు రోజులకే పోస్టెల్ మరణించారు. పేర్లు, సంఖ్యల వ్యవస్థను సమన్వయపరచడం ఐకాన్ పని. ఎవరు ఏమి రాయాలో శాసించే అధికారం దానికి లేదు. ప్రభుత్వాలు, వ్యాపారసంస్థలు, సాంకేతిక నిపుణులు, సామాన్య వినియోగదారులు కలసి చర్చించి నియమాలు చేయడం దాని పద్ధతి. దాని సమావేశాలకు ఎవరైనా రుసుము లేకుండా హాజరు కావచ్చు.

అటువంటి మహాసభలకు తెలుగునేల రెండుసార్లు వేదిక అయింది. 2008 అక్టోబరు 31న తెలుగుకు ప్రాచీన భాషా ప్రతిపత్తి లభించింది. కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలోని కురిక్యాల శాసనం మన భాష ప్రాచీనతకు గొప్ప సాక్ష్యం. క్రీ.శ. 10వ శతాబ్దిలో జినవల్లభుడు బొమ్మలమ్మ గుట్టపై చెక్కించిన ఆ శాసనంలో మూడు తెలుగు కందపద్యాలు ఉన్నాయి. ప్రాచీన ప్రతిపత్తి వచ్చిన ఐదు వారాలలోపే, 2008 డిసెంబరు 3 నుండి 6 వరకు, ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని అంతర్జాల పాలన వేదిక హైదరాబాదులో సమావేశమైంది. 'అందరికీ అంతర్జాలం' అన్నది నాటి ప్రధానాంశం.

రెండవ సభ 2016లో జరిగింది. ఆ సంవత్సరం అక్టోబరు 1న పేర్ల మూలపట్టికపై అమెరికా ప్రభుత్వానికి ఉన్న పర్యవేక్షణ ముగిసింది. అదే నెల 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల కొత్త జిల్లాలుగా అవతరించాయి. నవంబరు 3 నుండి 9 వరకు ఐకాన్ 57వ సమావేశం హైదరాబాదులో జరిగింది. పర్యవేక్షణ తొలగిన తరువాత ఆ సంస్థ జరిపిన మొదటి మహాసభ ఇదే.

ఈ వ్యవస్థలోకి తెలుగు ఒక్కసారిగా ప్రవేశించలేదు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రమాణంలో మన లిపికి స్థానం దొరికింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 2006లో వీవెన్ రూపొందించిన 'లేఖిని' ఇంగ్లీషు కీలతోనే తెలుగు రాసే సౌకర్యం కల్పించి, తెలుగు బ్లాగుల వికాసానికి తోడ్పడింది. ఇతర లిపులలో దేశాల పేర్లను అనుమతించే నిర్ణయాన్ని ఐకాన్ 2009 అక్టోబరు 30న తీసుకొన్నది. ఫలితంగా 2011లో '.భారత్' అన్న పేరు తెలుగు లిపిలో మూలపట్టికకు ఎక్కింది.

ఇక్కడొక చిక్కు వచ్చింది. తెలుగు, కన్నడ లిపులు సోదరీమణులు. ర, ఠ వంటి అక్షరాలు రెండింటిలోనూ దాదాపు ఒకే రూపంలో ఉంటాయి. చూపునకు ఒకటే అయినా కంప్యూటరుకు అవి వేర్వేరు సంకేతాలు. ఒక బ్యాంకు పేరును తెలుగులో నమోదు చేస్తే, మోసగాడు అదే రూపాన్ని కన్నడ అక్షరాలతో నమోదు చేసి ఖాతాదారులను వంచించవచ్చు. బ్రాహ్మీ సంతతికి చెందిన తొమ్మిది లిపుల కోసం ఏర్పడిన నవ్య బ్రాహ్మీ నిపుణుల మండలి ఈ సమస్యను పరిశీలించింది. ఏ అక్షరం తరువాత ఏ గుర్తు రావచ్చునో, ఏ రూపాలను సమానంగా పరిగణించాలో నిర్ణయించింది. ఆ నియమాలు 2019లో అమలుకు సిద్ధమైన సంపుటిలో చేరాయి. లిపి పరిణామం తెలిసినవారి శాస్త్రజ్ఞానం ప్రజల ధనరక్షణకు ఉపకరించిన సందర్భమిది. అయినా పని పూర్తికాలేదు. తెలుగు లిపిలో ఈ-మెయిల్ చిరునామా ఇస్తే, అది తప్పని తిరస్కరించే వెబ్‌సైట్లు నేటికీ అనేకం ఉన్నాయి.

చిరునామా లభించగానే మాటకు రక్షణ లభించినట్లు కాదు. బ్లాగులు వచ్చిన తరువాత సామాన్యుడు సంపాదకుని అనుమతి లేకుండానే రాజకీయాభిప్రాయాలను లోకానికి వెల్లడించగలిగాడు. తెలంగాణ ఉద్యమకాలంలో తెలుగు బ్లాగులలో ఇరుపక్షాల వాదాలూ హోరాహోరీగా సాగాయి. పేర్ల పట్టికను చూసే అధికారి తటస్థుడు కావాలి. రాజకీయ బ్లాగరి తన పక్షాన్ని నిర్భయంగా చెప్పాలి. మొదటివాడు పక్షం వహిస్తే రెండవవాని గొంతుకు చోటుండదు.

సమాచార సాంకేతిక చట్టంలోని 66ఏ సెక్షన్ ఈ నిర్భయత్వానికి పరీక్ష అయింది. ఎదుటివారికి చికాకు కలిగించే రాతకు సైతం మూడు సంవత్సరాల వరకు జైలుశిక్ష విధించే వీలు అందులో ఉండేది. శ్రేయా సింఘాల్ అనే యువతి 2012లో దీనిని సుప్రీంకోర్టులో సవాలు చేసింది. కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్‌ల ధర్మాసనం 2015 మార్చి 24న ఆ సెక్షన్‌ను కొట్టివేసింది. చర్చించడం, సమర్థించడం ఒకటి, హింసకు పురికొల్పడం మరొకటి అని వివేచించింది. అంటే పరువునష్టం, హింసా ప్రేరణ నేటికీ శిక్షార్హాలే. స్వేచ్ఛ సత్యాసత్య విచారణ బాధ్యతను తొలగించదు.

అంతర్జాలానికి రాజు లేడు, సభ ఉంది. సభకు వెళ్లి మాట్లాడినవారి భాష నియమాలలో కనబడుతుంది, వెళ్లనివారి భాషకు ఇతరులు నియమాలు రాస్తారు. కంప్యూటరు శాస్త్రం చదివే విద్యార్థి వ్యాకరణాన్ని, వ్యాకరణం చదివే విద్యార్థి కంప్యూటరును ఉపేక్షించకుండా ఉంటే, రేపటి సభలో జగిత్యాల తన ఇకారాన్ని తాను అడిగి తెచ్చుకోగలదు.

అర్థాలు

ప్రతిపత్తి = హోదా
తటస్థుడు = ఏ పక్షానికీ చెందనివాడు
వంచించు = మోసగించు
వివేచించు = తేడాను విచారించి తెలుసుకొను
ఉపేక్షించు = పట్టించుకోకుండా ఉండు

ప్రశ్నలు

1. జాన్ పోస్టెల్ అధికారానికి ఆధారమేమిటి?
2. తెలుగు, కన్నడ లిపుల పోలిక వల్ల ఏర్పడిన చిక్కును, దాని పరిష్కారాన్ని వివరించండి.
3. అధికారి తటస్థతకు, బ్లాగరి స్వేచ్ఛకు గల సంబంధాన్ని చర్చించండి.
4. మీ ఊరి పేరును ఇంగ్లీషులో రాసి, ఏ ధ్వనులు లోపించాయో గుర్తించండి.