కారు కంటే ముందు తుప్పు పట్టేది విద్యే: పాత అమెరికన్ కార్లు నేర్పిన పది పాఠాలు

డెట్రాయిట్ చుట్టుపక్కల ఇప్పుడు ఏ పేటకు వెళ్ళినా తెలుగు వినబడుతుంది. ట్రాయ్, నోవై, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్ అన్నీ మన పిల్లలతో నిండిపోయాయి. అందులో చాలామంది కార్ల కంపెనీల్లోనో, వాటికి విడిభాగాలు చేసి ఇచ్చే చోటనో ఇంజనీర్లు. నేనూ ఆ బాపతే. బ్రేకుల డిజైన్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో రేపటి కార్లు చూసుకున్నాను, ఇంట్లో మాత్రం 1965 నాటి ఫోర్డ్ మస్టాంగ్‌తో కాలం గడిపాను. ఎండాకాలం రాగానే కుర్రాళ్ళు పట్టుకుంటారు: "అంకుల్, నాకూ ఒక పాత కారు కొనాలనుంది. ఏం చూసుకోవాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే మాటలే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. కారు కంటే ముందు క్లబ్బు

మోజు పడ్డ వెంటనే చెక్కు రాయకండి. ముందు ఆ మోడల్ క్లబ్బులో చేరండి. అమెరికాలో దాదాపు ప్రతి పాత కారుకూ ఒక సంఘం ఉంది. అన్నిటికీ పెద్దదిక్కులాంటి ఆంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా 1935లో పుట్టింది. ఈ క్లబ్బుల్లో మూడు నాలుగు ఆదివారాలు కాఫీ తాగితే ఏ కారుకు విడిభాగాలు దొరుకుతాయో, ఏది జేబుకు చిల్లు పెడుతుందో తెలిసిపోతుంది. మస్టాంగ్‌కైతే తలుపు గొళ్ళెం దగ్గర్నుంచి మొత్తం బాడీ వరకూ ఇవాళ్టికీ కొత్తగా చేసి అమ్ముతున్నారు. స్టూడిబేకర్ అలా కాదు. ఇండియానాలోని సౌత్‌బెండ్‌లో దాని ఫ్యాక్టరీ 1963 డిసెంబరులోనే మూతపడింది. ఆ కారు కొన్నవాడికి సాటి స్టూడిబేకర్ యజమానులే దిక్కు. మొదటి కారు జనం ఎక్కువగా వాడినదే అయితే మేలు.

2. రంగు చూసి కొనొద్దు, ఒక సీసా నీళ్ళు పట్టుకెళ్ళండి

ఇంజను పాడైతే బాగుచేయించొచ్చు. బాడీ కుళ్ళితే ఆస్తి కరిగిపోతుంది. మిషిగన్‌లో చలికాలం రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు తిన్న ఇనుము లోపల్లోపల గుల్లవుతుంది. పైన పుట్టీ పెట్టి రంగు కొడితే కళ్ళకు కనబడదు. అందుకని జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకుని తలుపుల కింది అంచున, చక్రాల కమానుల దగ్గర ఆనించి చూడండి. అతుక్కోలేదంటే అక్కడున్నది ఇనుము కాదు, పుట్టీ.

తొలి మస్టాంగులకైతే ఇంకో పరీక్ష ఉంది. ముందు అద్దం మొదట్లో, బానెట్‌కు వెనక, గాలి లోపలికి వెళ్ళే సన్నని చీలికలు ఉంటాయి. వాటి కింద రెండు రేకులు కలిపి అతికిన తొట్టి ఒకటుంటుంది. అందులో ఆకులు పడి, తేమ నిలిచి, ఏళ్ళ తరబడి తుప్పు పడుతుంది. పైనుంచి చూస్తే ఏమీ కనబడదు. ఆ చీలికల్లో సీసాడు నీళ్ళు పొయ్యండి. నీళ్ళు ముందు చక్రాల వెనకనుంచి బయటికి కారితే సరే. కారు లోపల, కాళ్ళు పెట్టుకునే చోట తివాచీ మీద బొట్టుబొట్టుగా పడ్డాయంటే అమ్మేవాడికి దణ్ణం పెట్టి వచ్చేయండి. దాన్ని బాగుచెయ్యాలంటే వెల్డింగు చుక్కలన్నీ ఒక్కొక్కటిగా డ్రిల్ చేసి తొట్టి మొత్తం ఊడదియ్యాలి. మెకానిక్ కూలే తడిసి మోపెడవుతుంది.

3. కారు నంబరు దాని జాతకం

అమ్మేవాడి కథ వినండి, కానీ నంబరును నమ్మండి. 1965 మస్టాంగ్‌లో బానెట్ ఎత్తితే డ్రైవరు వైపు రేకు మీద నంబరు చెక్కి ఉంటుంది. అది 5ఎఫ్07సి అని మొదలైందనుకోండి. 5 అంటే 1965 మోడల్. ఎఫ్ అంటే డియర్‌బోర్న్‌లో తయారైంది. ఆర్ ఉంటే కాలిఫోర్నియాలోని శాన్‌హోసే, టి ఉంటే న్యూజెర్సీలోని మెటచన్. 07 అంటే మామూలు రెండు తలుపుల కారు, 08 టాపు మడిచేది, 09 వెనక వాలు టాపున్న ఫాస్ట్‌బ్యాక్. చివరి అక్షరం ఇంజనుది. సి అంటే 289 ఘనపు అంగుళాల వి8లో సాదా రకం, కె అంటే అందులోనే అన్నిటికంటే బలమైనది. ఆ ఒక్క అక్షరం వల్ల ధర ఎక్కడికో పోతుంది. అందుకే సి ఇంజను కారును కె అని అంటగట్టేవాళ్ళుంటారు. తలుపు మీది రేకు పలక కొత్తది చేయించుకోవచ్చు కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మొద్దు. బానెట్ కింది నంబరుతో పోల్చి చూడండి.

4. ఒరిజినల్ అనేది ఒక్కసారే

కొత్తగా ఈ సరదాలోకి దిగినవాళ్ళు చేసే మొదటి పని అంతా గీకి, తళతళలాడే రంగు వేయించడం. ఫ్యాక్టరీలో వేసిన రంగు వెలిసిపోయినా, సీటు గుడ్డ అరిగినా, అవి ఆ కాలపు సాక్ష్యాలు. ఎలాంటి రంగు వాడారో, కుట్టు ఎలా వేశారో, ఏ బోల్టు మీద ఏ సుద్దముక్క గుర్తు పెట్టారో వాటిమీదే తెలుస్తుంది. ఆంటిక్ ఆటోమొబైల్ క్లబ్బువాళ్ళు ఇప్పుడు బాగుచెయ్యని కార్లను వేరే తరగతిగా గుర్తించి గౌరవిస్తున్నారు. కారు బాగానే ఉంటే కడగండి, పాలిష్ పెట్టండి, ఆగిపోండి. నిజంగా కుళ్ళిందైతేనే టింకరింగు షెడ్డుకు పంపండి.

5. ప్రాణం దగ్గర మొండితనం వద్దు

పై మాటకు ఒక్క మినహాయింపుంది. నా వృత్తి బ్రేకులు కాబట్టి గట్టిగానే చెబుతున్నా. 1965 మస్టాంగ్‌లో నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకటే నూనె గది. ఒక గొట్టం చిట్లితే నాలుగూ పోతాయి, పెడల్ నేలకు తగులుతుంది. 1967 నుంచి మస్టాంగుల్లో ముందు చక్రాలకు ఒకటి, వెనక చక్రాలకు ఒకటి చొప్పున రెండు గదులు పెట్టారు. 1968 నుంచి కేంద్ర నిబంధన దాన్ని అన్ని కార్లకూ తప్పనిసరి చేసింది. మీ కారులోనూ ఆ రెండు గదుల సిలిండరు వేయించుకోండి. భుజం మీదుగా వచ్చే బెల్టులు కూడా. తీసిన పాత భాగాన్ని చీటీ కట్టి అటక మీద దాచండి. ఎప్పుడైనా తిరిగి బిగించుకోవచ్చు. ఎవరైనా "ఇది ఒరిజినల్ కాదే" అంటే నవ్వి ఊరుకోండి.

6. నిలబెట్టిన కారే ముందు చెడుతుంది

ఇక్కడ దొరికే పెట్రోలులో సాధారణంగా పదో వంతు ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీలుస్తుంది, పాత రబ్బరు గొట్టాలను తినేస్తుంది. అందుకని గొట్టాలు కొత్తరకానివి వేయించండి. చలికాలం మూలన పెట్టేముందు ట్యాంకు నింపి, పెట్రోలు పాడవకుండా ఉంచే మందు కలిపి, అది కార్బొరేటర్ దాకా చేరేలా కాసేపు ఇంజను నడపండి. ఇంజన్ ఆయిల్ కొనేటప్పుడు జింక్ ఎక్కువున్నది చూసుకోండి. ఆ కాలం క్యామ్‌షాఫ్టులకు అది కావాలి. వసంతంలో నాలుగు వానలు పడి రోడ్ల మీది ఉప్పు కొట్టుకుపోయాక బయటికి తియ్యండి. ఆ తర్వాత వారానికోసారైనా నడపండి.

7. ధర అడగకండి, సంగతి అడగండి

కార్ షోకి వెళితే చేతులు వెనక్కి పెట్టుకుని చూడాలి. బెల్టు బకిల్ గీసుకునేంత దగ్గరగా ఆనుకోకూడదు. బానెట్ ఎత్తి, పక్కన మడత కుర్చీలో పెద్దాయన కూర్చున్నాడంటే మీరు మాట్లాడాలనే ఆయన కోరిక. మనవాళ్ళు చాలామంది వెళ్ళగానే "ఎంతవుతుందండీ?" అంటారు. ఆ మాటతో ఆయన ముఖం ముడుచుకుపోతుంది. "మీ చేతికెలా వచ్చింది?" అని అడిగి చూడండి. నాన్న కొన్న రోజు, సైన్యం నుంచి తిరిగొచ్చిన అన్న, అమ్మేసి మళ్ళీ వెతుక్కుని కొన్న వైనం, గంటసేపు చెబుతాడు. వెళ్ళేముందు మీ పిల్లవాణ్ణి పిలిచి స్టీరింగు ముందు కూర్చోబెట్టేదీ ఆయనే.

8. చరిత్ర చెబితే మొత్తం చెప్పాలి

ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే డ్రీమ్ క్రూజ్ తప్పక చూడండి. 1995లో ఫెర్న్‌డేల్ ఊళ్ళో పిల్లల సాకర్ మైదానానికి విరాళాల కోసం మొదలుపెట్టిన చిన్న ఊరేగింపు అది. ఇప్పుడు పాంటియాక్ దాకా మైళ్ళ పొడవునా పాత కార్లే. ఆ రోడ్డుకూ ఒక ఘనత ఉంది. 1909లో 6 మైల్, 7 మైల్ రోడ్ల మధ్య మైలు దూరం అమెరికాలోనే మొదటిసారిగా కాంక్రీటు వేసింది అక్కడే.

అయితే మెరుపులు మాత్రమే చెప్పి ఊరుకోకూడదు. 1914లో హెన్రీ ఫోర్డ్ రోజుకు అయిదు డాలర్ల కూలి ప్రకటించాడు. అది అప్పటి కూలికి రెట్టింపుకు పైనే. కానీ అది దక్కాలంటే కంపెనీ మనుషులు ఇంటికొచ్చి, నువ్వు తాగుతున్నావా, డబ్బు పొదుపు చేస్తున్నావా అని ఆరా తీసేవాళ్ళు. నల్లజాతి కుటుంబం సొంత కారులో దూరం వెళ్ళాలంటే ఏ ఊళ్ళో తిండి పెడతారో, ఎక్కడ పడుకోనిస్తారో ముందే తెలియాలి. అందుకే విక్టర్ గ్రీన్ 1936లో గ్రీన్ బుక్ మొదలుపెట్టాడు. డెట్రాయిట్‌లో బ్లాక్ బాటమ్ అనే నల్లవారి పేటను కూల్చేశారు, అందులో కొంత ఫ్రీవే కింద పోయింది. కాలిఫోర్నియాలో మెక్సికన్ మూలాలవాళ్ళు ఇంపాలా కార్లను నేలకు ఆనేలా దించి, హైడ్రాలిక్ పంపులతో ఎగిరేలా చేసి, మెల్లగా ఊరేగితే అక్కడి పట్టణాలు చాలాకాలం నిషేధించాయి. ఆ నిషేధాలను రాష్ట్రం 2024 జనవరి నుంచి ఎత్తేసింది. అలాంటి లోరైడర్ ఒకటి, 1969 ఫోర్డ్ ఎల్‌టీడీ, వాషింగ్టన్‌లోని జాతీయ చరిత్ర మ్యూజియంలో ఉంది. ఈ వారసత్వం ఒక్కరి సొత్తు కాదు. మనకూ అందులో పిసరంత వాటా ఉంది. జనరల్ మోటార్స్ 1928లోనే బొంబాయిలో షెవర్లేలు బిగించడం మొదలుపెట్టింది.

9. కారు కంటే ముందు తుప్పు పట్టేది విద్యే

అన్నిటికంటే పెద్ద పాఠం ఇదే. మా వీధిలో ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉండేవాడు. నా కారు ఇంజనులో సన్నగా గరగరమని చప్పుడొస్తుంటే పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకుని, మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి నొక్కి పెట్టుకున్నాడు. ఆల్టర్నేటర్ మీద పెట్టి తల అడ్డంగా ఊపాడు. వాటర్ పంపు మీద పెట్టగానే పిడి నా చెవికి ఆనించి, "విను" అన్నాడు. గచ్చు మీద ఇసుక నలిగినట్టుంది. బేరింగు పోయింది. మా ఊరి లారీ మెకానిక్కులు చేసేదీ అచ్చం ఇదే. తర్వాత కార్బొరేటర్ స్క్రూ చూపించాడు: ఇంజను తడబడే దాకా బిగించు, మళ్ళీ సాఫీగా తిరిగే దాకా వదులు, రెండో వైపూ అంతే, చివర మళ్ళీ మొదటి దానికి రా. ఏ పుస్తకంలోనూ చెవికి తెలిసేలా రాయలేరు.

మోడల్ టి సంగతి చూడండి. 1908లో డెట్రాయిట్‌లోని పికెట్ అవెన్యూ ఫ్యాక్టరీలో పుట్టి 1927 దాకా కోటీ యాభై లక్షలు తయారైన కారు. ఇవాళ దాన్ని నడపమంటే పెద్ద పెద్ద డ్రైవర్లు కూడా బిక్కమొహం వేస్తారు. యాక్సిలరేటర్ పెడల్ ఉండదు, స్టీరింగు కింద చేతి మీట ఉంటుంది. ఎడమ పెడల్ పూర్తిగా తొక్కితే మొదటి గేరు, సగం తొక్కితే న్యూట్రల్, వదిలేస్తే పై గేరు. మధ్య పెడల్ రివర్సు, కుడిది బ్రేకు. స్టార్ట్ చెయ్యడానికి హ్యాండిల్ తిప్పేటప్పుడు బొటనవేలు దాని చుట్టూ చుట్టకూడదు, వెనక్కి తన్నితే చెయ్యి విరుగుతుంది. కార్లు మ్యూజియాల్లో ఉన్నాయి, ఈ సంగతులు మాత్రం మనుషుల్లో ఉన్నాయి. అందుకే మిషిగన్‌లోని గిల్మోర్ కార్ మ్యూజియం మామూలు జనానికి మోడల్ టి నడపడం నేర్పుతోంది. కాన్సస్‌లోని మెక్‌ఫర్సన్ కాలేజీ 1976 నుంచి పాత కార్ల పునరుద్ధరణ చదువు చెబుతోంది. కారుకు పట్టిన తుప్పు గోకి తియ్యొచ్చు. తెలిసినవాడు పోతే ఆ తెలివి మళ్ళీ రాదు.

10. కాగితాలతో సహా అప్పగించండి

మనం ఈ కార్లకు కొన్నాళ్ళ కాపలాదారులం. ఒక నోటుపుస్తకం పెట్టి ఏం మార్చారో, ఎప్పుడు మార్చారో, ఏ భాగం ఏ అటక మీదుందో రాయండి. పాత యజమానుల కథలూ రాయండి. బానెట్ కింద మీరు పని చేస్తున్నప్పుడు పక్కన ఎవరైనా పిల్లో పిల్లాడో ఉంటే ఫోను చూసుకోనివ్వకండి. చేతికి స్పానరివ్వండి, బోల్టు ఒకటి వాళ్ళనే బిగించమనండి. వంకరగా పట్టినా తొందరపడి లాక్కోకండి.

ఇన్నేళ్ళలో నాకు తేలిందిది: విడిభాగాలు లేక మూలపడ్డ కార్ల కంటే నేర్పేవాడు లేక మూలపడ్డవే ఎక్కువ. మీ వీధిలో పాత కారున్న ముసలాయన ఉంటే ఈ వారమే వెళ్ళి తలుపు తట్టండి. మీకే కారుండి, నాలాగా వయసు మీదపడుతుంటే, గ్యారేజీ తలుపు తెరిచి పెట్టండి.