శశిరేఖ ఉంది కదా, మారా జేడ్ ఎందుకు ఉండకూడదు?

పుస్తకాల ముచ్చట: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: నా వయసు 24. 'అసోకా' సిరీస్‌లో గ్రాండ్ ఎడ్మిరల్ థ్రాన్‌ని చూశాక, ఆ పాత్ర పుట్టిన 'హెయిర్ టు ది ఎంపైర్' నవల పాత పుస్తకాల షాపులో దొరికితే కొన్నాను. మిగతా రెండు భాగాలూ తెప్పించుకుని పన్నెండు రోజుల్లో మూడూ పూర్తిచేశాను. కొత్త స్టార్ వార్స్ సినిమాలకన్నా నాకు ఇవే నచ్చాయి. ఆ మాటంటే నా స్నేహితుడు "అవన్నీ 2014లోనే రద్దయిపోయాయి, జరగని కథ చదివి ఏం లాభం" అన్నాడు. అసలు ఇలాంటివి సినిమా పేరు మీద అమ్ముకునే సరుకే తప్ప సాహిత్యం కాదని కూడా అన్నాడు. నాకు చాలా కష్టమనిపించింది. నా అభిప్రాయం తప్పా? (విజయవాడ)

జవాబు: తప్పు కాదు. మీ స్నేహితుడి మాటల్లో రెండు వేర్వేరు సంగతులున్నాయి. విడివిడిగా చూద్దాం.

ముందు ఆ 'రద్దు' సంగతి. 2014 ఏప్రిల్‌లో లూకాస్‌ఫిల్మ్ సంస్థ, అప్పటిదాకా వచ్చిన నవలలూ కామిక్స్‌లోని కథలకు రాబోయే సినిమాలు కట్టుబడవని ప్రకటించింది. 2015లో 'ది ఫోర్స్ అవేకెన్స్' రావాలి. సినిమాల నాయకుడు లూక్‌కి పెళ్ళయిందనీ, అతని చెల్లెలు లియాకి కవలలు పుట్టారనీ, వాళ్ళ సహచరుడు చూబాకా 1999 నాటి 'వెక్టర్ ప్రైమ్' నవలలో చనిపోయాడనీ సినిమా తీసేవాళ్ళు గుర్తుపెట్టుకుంటూ కూర్చుంటే వాళ్ళకి ఊపిరాడదు. అందుకని ఆ పుస్తకాలన్నిటినీ 'లెజెండ్స్' అనే పేరు కింద పక్కకి పెట్టారు. అది సినిమా తీసేవాళ్ళ వెసులుబాటు కోసం చేసుకున్న ఏర్పాటు. చదువరికి అందులో ఆజ్ఞ ఏమీ లేదు. పుస్తకాలు ఇప్పటికీ అచ్చులో ఉన్నాయి.

'జరగని కథ' అనే మాట తెలుగువాళ్ళ నోట వింటే నాకు బాధగా ఉంటుంది. వ్యాస భారతంలో శశిరేఖ లేదు. అభిమన్యుడి పెళ్ళి ఉత్తరతోనే. ఘటోత్కచుడు మాయ శశిరేఖగా మారి లక్ష్మణకుమారుణ్ణి ఏడిపించడం మూలంలో ఎక్కడా కనిపించదు. అయినా ఆ కథని నాటకాల్లో ఆడుకున్నాం, 1957లో 'మాయాబజార్'గా తీసుకున్నాం, ఈనాటికీ మన ఇళ్ళలో పిల్లలకి ఘటోత్కచుడంటే ముందు ఆ పెళ్ళి భోజనమే. మూలంలో లేదు కాబట్టి ఆ రెండు మూడు గంటల సంతోషాన్ని వెనక్కి ఇచ్చెయ్యమని ఎవరూ అడగలేదు. మూలకథని అమితంగా ప్రేమించినవాడు దాని పక్కన ఇంకో గది కట్టుకుంటాడు. ఆ గదిలో గాలీ వెలుతురూ వస్తున్నాయా లేదా అన్నదే నేను చూసుకుంటాను.

ఇక 'సరుకు' అన్న మాట. ఈ కోపానికి కారణం లేకపోలేదు. సినిమాతోపాటు నవలని అమ్మడం స్టార్ వార్స్‌కి పుట్టుకతో వచ్చిన అలవాటు. మొదటి సినిమా 1977 మేలో వస్తే, దాని నవల 1976 చివర్లోనే మార్కెట్లోకి వచ్చింది. అట్ట మీద జార్జ్ లూకాస్ పేరుంది, లోపల రాసింది ఎలన్ డీన్ ఫోస్టర్. మనకీ ఇది కొత్తేమీ కాదు. వెండితెర నవలలని పత్రికలు అచ్చువేసేవి, ముళ్ళపూడి వెంకటరమణ అంతటివాడు వాటిని రాశాడు. ఫోస్టరే 1978లో 'స్ప్లింటర్ ఆఫ్ ది మైండ్స్ ఐ' రాశాడు. మొదటి సినిమా ఆడకపోతే తక్కువ ఖర్చుతో రెండోది తీసుకోవడానికి పనికొచ్చే కథ అది. పొగమంచు కమ్మిన గ్రహంలో కథ నడుస్తుంది కాబట్టి సెట్టింగుల ఖర్చు తగ్గుతుంది. హారిసన్ ఫోర్డ్ తర్వాతి సినిమాకి ఇంకా సంతకం చేయలేదు కాబట్టి ఆయన వేసిన హాన్ సోలో పాత్ర అసలు కనిపించదు. నవలకి బయటి లెక్కలు నవలని ఎలా మలుస్తాయో ఇంతకన్నా స్పష్టంగా చూపించే పుస్తకం లేదు.

టిమతీ జాన్ చేతికి ఈ పని వచ్చేనాటికి పరిస్థితి వేరు. 1983 తర్వాత సినిమా లేదు. ఆయన ఫిజిక్స్ చదివినవాడు, 'కాస్కేడ్ పాయింట్' అనే పెద్దకథకి 1984లో హ్యూగో అవార్డు అందుకున్నవాడు, సొంత సైన్స్ ఫిక్షన్ నవలలతో పేరున్నవాడు. 1991లో 'హెయిర్ టు ది ఎంపైర్' వచ్చి న్యూయార్క్ టైమ్స్ బెస్ట్ సెల్లర్ జాబితాలో మొదటి స్థానానికి వెళ్ళింది. 1992లో 'డార్క్ ఫోర్స్ రైజింగ్', 1993లో 'ది లాస్ట్ కమాండ్' వచ్చాయి. మూడో సినిమా ముగిసిన ఐదేళ్ళకి ఈ కథ మొదలవుతుంది. సామ్రాజ్యం ఓడిపోయింది, మిగిలిన ఓడలతో ఒక్క సేనాని నిలబడ్డాడు.

మొదటి అధ్యాయం గుర్తుచేసుకోండి. కెప్టెన్ పెలియాన్ సేనానిని కలవడానికి వెళ్తాడు. గది చీకటిగా ఉంటుంది. తలుపు దగ్గర నీడలోంచి రుక్ అనే అంగరక్షకుడు చప్పుడు లేకుండా బయటికొస్తే పెలియాన్ ఉలిక్కిపడతాడు. లోపల నీలిరంగు చర్మం, ఎర్రటి కళ్ళున్న మనిషి తెల్లటి యూనిఫాంలో కూర్చుని ఉంటాడు. చుట్టూ గాలిలో తేలుతున్న శిల్పాలు, చిత్రాలు, అన్నీ వెలుగుబొమ్మలు. యుద్ధం దగ్గరపడుతుంటే ఈయన బొమ్మలు చూస్తున్నాడేమిటని పెలియాన్‌తోపాటు మనమూ అనుకుంటాం. కాసేపటికి శత్రు నౌకలు వస్తాయి. వాళ్ళు కదిలిన తీరు చూసి ఆ దళాన్ని నడిపేది ఎలోమిన్ జాతివాడని థ్రాన్ పోల్చేస్తాడు. ఆ జాతి కళ ఆయనకి తెలుసు. క్రమం తప్పిన దాడి ఎదురైతే ఆ బుర్రలు తట్టుకోలేవని ఆ కళలోంచే పట్టుకున్నాడు. అలాంటి దాడే చేయించి గెలుస్తాడు.

ఈ గెలుపులో కత్తి లేదు, మెరుపు లేదు. ఒక మనిషి కూర్చుని ఆలోచించాడు, అంతే. సినిమాలో ఈ దృశ్యం తీస్తే నౌకలు పేలడం చూపించాలి. పుస్తకంలో ఆ ఆలోచన మన తలలో జరుగుతుంది. సినిమా చేయలేని పని ఒక్కటైనా చేసిన అనుబంధ నవలని సరుకు అనడానికి నాకు మనసొప్పదు.

మూడు పుస్తకాలకీ ముడివేసిన ఇంకో జత సంఘటనలున్నాయి. మొదటి భాగంలో లూక్ నౌక ట్రాక్టర్ బీమ్ పట్టులోంచి తప్పించుకుంటుంది. ఆ యంత్రం నడిపిన కుర్రవాడు, నాకు ఇది నేర్పలేదని సాకు చెప్పి తప్పుని పైవాళ్ళ మీదికి నెడతాడు. థ్రాన్ వాణ్ణి అక్కడికక్కడే చంపిస్తాడు. మూడో భాగంలో అలాగే లూక్ మళ్ళీ తప్పించుకుంటాడు. ఈసారి యంత్రం దగ్గరున్నవాడు ఓడిపోయినా, తనకి తోచిన కొత్త ఉపాయం ఒకటి ప్రయత్నించాడు. ఊపిరి బిగబట్టి చదువుతాం. థ్రాన్ వాడికి ప్రమోషన్ ఇస్తాడు. రెండు పుస్తకాల దూరంలో పెట్టిన ఈ రెండు చిన్న ఘట్టాలతో ఒక పాత్ర మొత్తం నిలబడింది. అది రచయిత పనితనం.

లోపాలున్నాయి, వాటినీ చెప్పుకోవాలి. లూక్ అతీత శక్తికి మూలమైన ఫోర్స్‌ని దూరంగా నెట్టే ఇసాలమిరి అనే జంతువులని కథకి అవసరమైనప్పుడల్లా తెచ్చి లూక్‌ని మామూలు మనిషిని చేయడం రెండోసారికే విసుగు తెప్పిస్తుంది. సిబేయోత్ అనే పిచ్చి జెడై థ్రాన్ పక్కన తేలిపోయాడు. పాత సినిమాల సంఘటనలని పాత్రలు పదే పదే తలుచుకుంటాయి, చదువరి మరిచిపోతాడేమోనని భయపడినట్టు. నేను అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న ప్రతిలో అలాంటి చోట్లన్నీ పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నాను. అయినా ఆ పుస్తకాన్ని మూడుసార్లు చదివాను.

మీ స్నేహితుడికి ఒక విషయం చెప్పండి. గ్రహమంతా నగరమైన ఆ రాజధానికి 'కొరసాంట్' అనే పేరు పెట్టింది జానే. తర్వాత లూకాస్ సినిమాలు ఆ పేరునే తీసుకున్నాయి. పక్కకి పెట్టిన పుస్తకాల్లోంచే థ్రాన్‌ని 2016లో 'రెబెల్స్' సిరీస్‌లోకి పిలుచుకొచ్చారు. 2023లో మీరు తెర మీద చూసింది ఆయన్నే.

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఉంటాం. మా పదహారేళ్ళ అబ్బాయి గది గోడ నిండా థ్రాన్ బొమ్మలే. "విలన్ కాదు నాన్నా, జీనియస్" అంటాడు. ఇతరుల కళని గౌరవించినట్టే చూసి, దాంతోనే వాళ్ళని ఓడించే మనిషిని వీడు ఆరాధించడం నాకు నచ్చడం లేదు. ఎలా మాట్లాడాలి?

జవాబు: మీ ఇబ్బంది నిజమైనది. మీవాడు మొదటి భాగంతో ఆగిపోయాడేమో కనుక్కోండి. రచయిత జవాబు రెండు, మూడు భాగాల్లో ఉంది. (ఇంకా చదవని పాఠకులు ఈ జవాబు వదిలేసి తర్వాతి ప్రశ్నకి వెళ్ళండి.)

నోగ్రీ అనే చిన్న జాతి ఉంది. ఒక అంతరిక్ష యుద్ధం వల్ల వాళ్ళ గ్రహం నేల విషమైపోయింది. సామ్రాజ్య సేనాని డార్త్ వేడర్ వచ్చి ఆదుకున్నట్టు నటించాడు. ఆ రుణం తీర్చుకోవడానికి వాళ్ళు ఏళ్ళ తరబడి తమ బిడ్డలని సామ్రాజ్యానికి హంతకులుగా పంపుతున్నారు. లియాని ఎత్తుకుపోవడానికి వచ్చిన నోగ్రీ ఒకడు ఆమె చేతి వాసన చూసి నిర్ఘాంతపోయి ఆగిపోతాడు. ఆమె వేడర్ కూతురని ఆ వాసన చెప్పింది. తర్వాత లియా కడుపుతో ఉండి, శత్రువుల గ్రహానికి దాదాపు ఒంటరిగా వెళ్తుంది. నేలని బాగుచేస్తున్నామంటూ, అది ఎప్పటికీ కోలుకోకుండా చేసిన మోసాన్ని ఆమె బయటపెడుతుంది. మొత్తం మూడు పుస్తకాల్లో నాకు గొంతు పట్టేసే చోటు ఇదే.

అంత చదివిన థ్రాన్‌కి ఈ మోసం తెలుసు, దాని మీదే నిలబడ్డాడు. మొదటి అధ్యాయంలో నీడలోంచి వచ్చిన ఆ రుక్ కూడా నోగ్రీయే. చివరికి కత్తి దిగేది అతని చేతినుంచే. ప్రపంచంలోని కళలన్నీ చదివిన మనిషి తన కుర్చీ వెనక నిలబడ్డవాడి మనసు చదవలేదు. మీవాడితో వాదించకండి. మూడో భాగం పూర్తయ్యాక "రుక్ చేసింది న్యాయమేనా?" అని ఒక్క ప్రశ్న అడిగి వినండి.

ప్రశ్న: మా బాబు ఎనిమిదో తరగతి. స్టార్ వార్స్ పుస్తకాలు తప్ప ఏదీ ముట్టుకోడు. మంచి పుస్తకాలు ఎప్పుడు చదువుతాడో అని దిగులుగా ఉంది. ఆపించమంటారా? (వరంగల్ నుంచి ఒక తల్లి)

జవాబు: ఆపించకండమ్మా. నాలుగు వందల పేజీలు కుదురుగా కూర్చుని చదివే పిల్లవాడు ఉన్నందుకు సంతోషించండి. రాత్రి అన్నాలప్పుడు ఆ రోజు చదివింది తెలుగులో చెప్పమనండి. కథ చెప్పడం వస్తే, వేరే కథలు వాడే వెతుక్కుంటాడు.

ప్రశ్న: థ్రాన్ చనిపోకుండా ఉంటే ఏమయ్యేదో తెలుగులో నవల రాస్తున్నాను. అచ్చు వేయించవచ్చా? (రాజమండ్రి)

జవాబు: రాయండి, అచ్చుకి ఇవ్వకండి. ఆ పాత్రల హక్కులు సంస్థవి. జాన్ కూడా తనంతట తాను రాసి ఇవ్వలేదు, ఆయన్ని పిలిచి రాయించారు. తాను సృష్టించిన థ్రాన్ మీద, మారా జేడ్ మీద కూడా ఆయనకి పెత్తనం లేదు. ఈ రంగంలో అన్నిటికన్నా బరువైన నిజం అదే. మారా జేడ్ చక్రవర్తి కోసం రహస్యంగా పనిచేసి, లూక్‌ని చంపాలనే కసితో మొదలై, ఆయన మిత్రురాలిగా మారిన మనిషి. తర్వాత కామిక్స్‌లో ఆయన భార్య అయింది. ఇంత పాత్రని కన్నవాడు, ఆమెని ఇంకొకరు ఏం చేసినా చూస్తూ ఉండాలి. మీ చేతిలో నిజంగా మంచి సేనాని ఉంటే ఆయనకి ఇంకో పేరు పెట్టి, మీ సొంత గ్రహంలో నిలబెట్టండి. అప్పుడు ఆయన్ని చంపాలో బతికించాలో మీరే చెప్పవచ్చు.

ప్రశ్న: ఇలాంటి నవలల్లో ఇంకొక్కటి చదవాలంటే ఏది? (తిరుపతి)

జవాబు: 'ఎ స్టిచ్ ఇన్ టైమ్', 2000లో వచ్చింది. స్టార్ ట్రెక్ 'డీప్ స్పేస్ నైన్' సిరీస్‌లో దర్జీ గారక్‌గా వేసిన ఆండ్రూ రాబిన్సన్ స్వయంగా రాశాడు. పాత్ర లోతు తెలుసుకోవడానికి గారక్ రాసుకున్నట్టుగా తాను పెట్టుకున్న డైరీలోంచి ఈ నవల పెరిగింది. శిథిలమైన సొంత గ్రహం నుంచి డాక్టర్ బషీర్‌కి రాసిన సుదీర్ఘమైన ఉత్తరంగా నడుస్తుంది. అబద్ధాలతో బతికిన గూఢచారి, వినడానికి ఒకే ఒక్క స్నేహితుడు మిగిలినప్పుడు ఎంత నిజం చెప్పగలడో చూస్తాం. సిరీస్ చూడకపోతే ముందు గారక్ కనిపించే నాలుగైదు ఎపిసోడ్లు చూసి, అప్పుడు మొదలుపెట్టండి. ఆ గొంతు చెవిలో ఉంటే చదివే అనుభవం వేరుగా ఉంటుంది.