కెప్టెన్ పార్కర్ ఇంటి సంగతులు

గుంటూరు

చిరంజీవి బుజ్జమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

మీ ఊరి గ్రంథాలయంలో కెప్టెన్ జాన్ పార్కర్ గురించి మాట్లాడమన్నారని, రాసుకున్నది చూసి పెట్టమని పంపావు. శ్రద్ధగా చదివాను. మసాచుసెట్స్‌లో వాళ్ళ చరిత్ర వాళ్ళకే చెప్పడానికి తెలుగుపిల్ల నిలబడుతోందంటే మీ నాన్న నలుగురికీ చెప్పుకుని మురిసిపోతున్నాడు. నాకూ సంతోషమే. కాకపోతే, నువ్వు రాసినదాంట్లో వీరుడున్నాడు గానీ మనిషి కనబడలేదు. అందుకే ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోకుండా ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ విగ్రహం సంగతి. లెక్సింగ్టన్ పచ్చిక మైదానం దగ్గర తుపాకి పట్టుకుని నిలబడ్డ యువకుణ్ణి వర్ణిస్తూ పార్కర్ రూపురేఖలు చెప్పేశావు. అది 1900లో హెన్రీ హడ్సన్ కిట్సన్ చెక్కిన విగ్రహం. పార్కర్ బొమ్మ ఒక్కటీ మనకు మిగల్లేదు. ఆ మైదానంలో బ్రిటిష్ సైన్యంతో పోరాటం జరిగిన 1775 ఏప్రిల్ 19 నాటికి ఆయనకు నలభై అయిదేళ్ళు. క్షయ ముదిరిపోయింది. విశాలమైన ఛాతీ, తీక్షణమైన చూపు అని రాశావే, ఆ ఛాతీలో ఊపిరి అందడమే కష్టంగా ఉన్న రోజులవి. ఆ వర్ణనంతా కొట్టెయ్యి. దగ్గుతో సతమతమయ్యే రైతు, ఏడుగురు పిల్లల తండ్రి, అర్ధరాత్రి పిలుపొస్తే లేచి వెళ్ళాడని చెప్పు. వినేవాళ్ళకు అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

మిలీషియా అంటే ఏమిటో కూడా విడమరిచి చెప్పు. నీ మాటలు వింటే జీతం, యూనిఫాం ఉన్న సైన్యమనుకుంటారు. అది ఊరి దళం. పదహారు నుంచి అరవై ఏళ్ళ మధ్య మగవాళ్ళు ఎవరి తుపాకి వాళ్ళు తెచ్చుకుని కవాతు నేర్చుకునేవారు. కెప్టెన్‌ను పైనుంచి ఎవరూ పంపలేదు, వాళ్ళే ఎన్నుకున్నారు. వాళ్ళలో చాలామంది పార్కర్‌కు చుట్టాలే. రక్తసంబంధం లేకపోతే వియ్యం. ఇది చిన్న సంగతి అనుకోకు. ఆ తెల్లవారుజామున ఆయన ఏ ఆజ్ఞ ఇచ్చినా అది తన బావమరుదులకూ, పినతండ్రి పెదతండ్రి బిడ్డలకూ ఇచ్చినట్టే. తెలియనివాళ్ళను చావుకు పంపడం వేరు, రేపు ఆదివారం చర్చిలో ఎవరి తల్లి ముఖం చూడాలో తెలిసి పంపడం వేరు.

ఆ రాత్రి కథ నువ్వు బాగానే చెప్పావు. అర్ధరాత్రి ప్రాంతంలో బ్రిటిష్ సైన్యం వస్తోందని పాల్ రివియర్ కబురు తేవడం, గంట మోగడం, ఒంటిగంటకల్లా జనం పోగవడం, ఎంతకీ సైన్యం జాడ లేకపోయేసరికి చలికి తాళలేక చాలామంది బక్‌మన్ పూటకూళ్ళ ఇంట్లో చేరడం, ఇదంతా అలాగే ఉంచు. తెల్లవారేసరికి మైదానంలో నిలబడ్డది డెబ్బై ఏడుమంది దాకా. కాంకర్డ్‌లో దాచిన మందుగుండు కోసం బయల్దేరిన బ్రిటిష్ దళం ఏడు వందల దాకా.

అసలు చిక్కు పార్కర్ ఇచ్చిన ఆజ్ఞ దగ్గర. నువ్వు మైదానంలోని బండ మీద చెక్కిన మాటలతో మొదలుపెట్టావు. ఎవరూ కదలొద్దనీ, వాళ్ళు కాల్చేదాకా కాల్చొద్దనీ, యుద్ధమే కావాలంటే ఇక్కడే మొదలవనీ అన్నాడని. వినడానికి గొప్పగా ఉంటుంది. ఆ మాటలు ఎక్కణ్ణించి వచ్చాయో చూశావా? ఆ దళంలో సార్జంటుగా ఉన్న విలియం మన్రో, దాదాపు యాభై ఏళ్ళ తరువాత ఆ పోరాటాన్ని ఊళ్ళో మళ్ళీ ఆడి చూపించినప్పుడు కెప్టెన్ వేషం కట్టి ఆ మాటలు పలికాడు. దాన్ని 1858లో ఒక చరిత్రకారుడికి ఉత్తరంలో రాసి లోకానికి అందించింది పార్కర్ మనవడు థియొడోర్.

పార్కర్ స్వయంగా చెప్పింది వేరు. సరిగ్గా ఆరు రోజులకు, ఏప్రిల్ 25న, న్యాయాధికారుల ముందు ప్రమాణం చేసి వాంగ్మూలం ఇచ్చాడు. ఏం చెయ్యాలో ఆలోచించుకోవడానికే జనాన్ని పిలిచాననీ, వాళ్ళు మన జోలికి రానంతవరకూ మనం వాళ్ళ జోలికి పోకూడదని అనుకున్నామనీ, సైన్యం హఠాత్తుగా దగ్గరికొచ్చేసరికి చెదిరిపొమ్మనీ కాల్చొద్దనీ వెంటనే ఆజ్ఞ ఇచ్చాననీ అందులో ఉంది. ఇంకో సాక్షి పాల్ రివియరే. తిరుగుబాటు నాయకుడు జాన్ హాంకాక్ కాగితాల పెట్టె మోసుకుంటూ ఆ దళం మధ్యనుంచే దాటిపోయాడు. సైన్యాన్ని పోనివ్వండి, వాళ్ళు ముందు మొదలుపెడితే తప్ప జోలికి పోవద్దు అన్న అర్థం వచ్చే మాటలు వాళ్ళ నాయకుడి నోట విన్నానని రాశాడు.

వాంగ్మూలాన్ని కూడా కళ్ళకద్దుకోనక్కర్లేదు. తప్పు బ్రిటిష్ సైన్యానిదే అని లండన్‌ను నమ్మించడానికి సేకరించిన కాగితాల్లో అదొకటి. క్వెరో అనే చిన్న ఓడలో వాటిని హడావుడిగా పంపారు. గవర్నర్ గేజ్ నివేదిక కంటే దాదాపు రెండు వారాల ముందే అవి ఇంగ్లండు చేరాయి. కాబట్టి అందులో వకాలతు వాసన ఉంది. అయినా ఆరు రోజుల నాటి ప్రమాణానికీ, యాభై ఏళ్ళ తరువాత వేషంలో పలికిన మాటకూ మధ్య నేనైతే మొదటిదాన్నే పట్టుకుంటాను. నన్నడిగితే ఆయన గొప్పతనం కూడా అక్కడే ఉంది. ఎదురుగా ఎన్నో రెట్ల బలం, వెనక తన చుట్టాలు. చెదిరిపొమ్మనడానికి ఆ క్షణంలో గుండె కావాలి. దీన్ని పిరికితనమని వినేవాళ్ళు అనుకుంటారేమోనని నువ్వు దాచావు. దాచకు.

ఆజ్ఞ అందరికీ వినపడిందో లేదో, మొదటి గుండు ఎవరిదో నేటికీ తేలలేదు. ఎనిమిదిమంది చనిపోయారు. వాళ్ళలో జోనాస్ పార్కర్ ఉన్నాడు, కెప్టెన్‌కు అన్నదమ్ముల వరస. దెబ్బతిని పడిపోయి కూడా తుపాకి మళ్ళీ నింపుకోబోతుంటే బయొనెట్‌తో పొడిచారు. ఆ పూట చచ్చినవాళ్ళనూ గాయపడ్డవాళ్ళనూ ఇళ్ళకు చేర్చి, మిగిలినవాళ్ళను కూడగట్టుకుని, కాంకర్డ్ నుంచి తిరిగొస్తున్న సైన్యాన్ని లింకన్ పొలిమేరలో రాళ్ళగుట్ట మాటున కాచి కొట్టాడు పార్కర్. పార్కర్ ప్రతీకారం అని ఇప్పటికీ ఆ చోటికి పేరు. ఈ మధ్య తవ్వకాల్లో అక్కడ తుపాకి గుండ్లు దొరికాయి. పొద్దున చెదిరిపొమ్మన్న మనిషే మధ్యాహ్నం కాపు కాశాడు. వాంగ్మూలంలో మాత్రం మధ్యాహ్నం ఊసే లేదు! వకాలతు అన్నది ఇందుకే.

ఇక కుటుంబం. దీనికి నువ్వు రెండు వాక్యాలు కేటాయించావు. లిడియా మూర్‌ను 1755లో పెళ్ళాడాడు, పిల్లలు ఏడుగురు, అంతే. పోరాటం జరిగిన ఏడాదే, 1775 సెప్టెంబరు 17న, నలభై ఆరేళ్ళకు, పార్కర్ క్షయతో పోయాడు. స్వాతంత్ర్య ప్రకటన రావడానికి ఇంకా తొమ్మిది నెలలకు పైగా ఉంది. తాను మొదలెట్టినదాన్ని విప్లవం అంటారని కూడా ఆయనకు తెలియదు. చట్టం లెక్కన మూడో జార్జి ప్రజగానే కన్నుమూశాడు. లిడియా మాత్రం పండుముసలి అయ్యేదాకా బతికింది. మనవడు థియొడోర్ చిన్నపిల్లాడుగా ఉన్నప్పుడు పైగదిలో ఆవిడ ఉండేదట. రోజుకు రెండుసార్లు ఆవిడ తాగే పానీయం పైకి మోసుకెళ్ళడం ఈ పిల్లాడి పని. ఇంట్లో అందరూ ఆవిడంటే భయభక్తులతో ఉండేవారని పెద్దయ్యాక రాసుకున్నాడు. ఆవిడ మాట కూడా నీ ప్రసంగంలో ఉండాలి తల్లీ.

తండ్రి పోయేనాటికి జాన్ అనే కొడుక్కి పద్నాలుగేళ్ళు. పెద్దయ్యాక వడ్రంగంలో దిగాడు. 1797లో ఊళ్ళోని పాత గంటమంటపం ఆయనకు దక్కింది. తండ్రిని పిలిచిన గంట మోగిందే, ఆ మంటపమే. దాన్ని స్ప్రింగ్ స్ట్రీట్‌లోని తన పొలానికి తెచ్చుకుని బండిచక్రాలు చేసే కొట్టంగా వాడుకున్నాడు. కర్ర గట్టిది, ఉపయోగపడింది, అంతే ఆయనకు. దాన్ని చారిత్రక సంఘం వాళ్ళు 1891లో మళ్ళీ తెచ్చి నిలబెట్టారు. 1909 గాలివానకు కూలిపోతే మరుసటేడు నమూనా కట్టారు. నువ్వు ఫొటో దిగింది ఆ నమూనా దగ్గర.

ఆ వడ్రంగి పిల్లల్లో పదకొండోవాడూ ఆఖరివాడూ ఈ థియొడోర్. 1810లో పుట్టాడు. బోస్టన్‌లో పేరుమోసిన మతబోధకుడు, బానిసత్వానికి బద్ధశత్రువు. జార్జియా నుంచి పారిపోయి వచ్చిన ఎలెన్, విలియం క్రాఫ్ట్ దంపతులను పట్టుకోవడానికి 1850లో మనుషులొస్తే ఎలెన్‌ను తన ఇంట్లో దాచాడు, వాళ్ళిద్దరికీ చట్టప్రకారం పెళ్ళి చేసి ఇంగ్లండు పంపాడు. ఆ రోజుల్లో బల్లమీద పిస్తోలు పెట్టుకుని ఉపన్యాసాలు రాసేవాడు. తాత తుపాకీ, తాత ఆనాడు శత్రువు దగ్గర తీసుకున్న తుపాకీ రెండూ చదువుకునే గదిలో ఉండేవి. అవి ఇప్పుడు బోస్టన్‌లో రాష్ట్ర సెనేట్ మందిరంలో వేలాడుతున్నాయి. ఆయన వీలునామా ప్రకారం రాష్ట్రానికి చేరాయి. తాతను తినేసిన క్షయే తల్లినీ తోబుట్టువుల్లో చాలామందినీ తీసుకుపోయింది. 1860లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఆయన్నూ వదల్లేదు. తాత ఆజ్ఞను అంత ఠీవిగా గుర్తుపెట్టుకున్నది ఇలాంటి మనవడని తెలిస్తే, ఆ మాటలు ఎందుకలా మారాయో సభలోవాళ్ళకు వాళ్ళంతట వాళ్ళకే అర్థమవుతుంది. నువ్వు ఎవరినీ తప్పు పట్టనక్కర్లేదు.

ఒక్క పేరు నీ కాగితాల్లో ఎక్కడా లేదు. ప్రిన్స్ ఎస్టాబ్రుక్. నల్లవాడు, అదే ఊళ్ళో బానిస. పార్కర్ దళంలో నిలబడి ఆ పొద్దున గాయపడ్డాడు. తరువాత కూడా యుద్ధంలో పనిచేశాడు. యుద్ధమయ్యాకే విడుదలయ్యాడు. 2008లో బక్‌మన్ ఇంటి ముందు ఆయన పేర రాయి పెట్టారు. స్వేచ్ఛ కోసం అంటూ నిలబడ్డ డెబ్బై ఏడుమందిలో అది లేనివాడొకడున్నాడని చెప్పకుండా, మనవడి బానిసత్వ వ్యతిరేకతను పొగిడి కూర్చుంటే అది సగం కథ.

ఏప్రిల్ మూడో సోమవారం సెలవేగా. తెల్లవారకముందే మైదానానికి వెళ్ళు, ఆ పోరాటం ఆడి చూపిస్తారు. ఏప్రిల్ కదా అని పల్చటి స్వెట్టర్‌తో బయల్దేరకు, అక్కడి వేకువచలి నాకు తెలుసు. కెప్టెన్ వేషధారి నోట ఏ ఆజ్ఞ పలికిస్తారో చెవిపెట్టి విను.

ప్రసంగం మొదటి పేరా తీసేసి వాంగ్మూలంతో మొదలుపెట్టు, లిడియాకూ ఎస్టాబ్రుక్‌కూ చోటు చెయ్యి, తిరగరాసి వచ్చే ఆదివారంలోగా నాకు పంపు.

మీ పెదనాన్న