కిటికీ మార్చాలా, అతుకు సరిపోతుందా?

కోనసీమలో పాత టేకు కిటికీని పరీక్షించాలంటే వడ్రంగి మేస్త్రి మాఘ, ఫాల్గుణ మాసాలను ఎంచుకుంటాడు. వానాకాలంలో కర్ర తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది. పొడవులో మాత్రం దాదాపు మారదు. అందుకే శ్రావణంలో ఎంత లాగినా రాని రెక్క సంక్రాంతి దాటాక తనంతట తానే వదులవుతుంది. “రెక్క బిగిసిందంటే కిటికీ పోయినట్టు కాదండి” అంటాడు మేస్త్రి. ఎండిన కాలంలోనూ బిగిసే కిటికీయే ఆయనకు అనుమానం. నైరుతి వాన నేరుగా కొట్టే గోడతో తనిఖీ మొదలవుతుంది.

మొదటి పరీక్ష చెవితో. ఉలి పిడితో చట్రం చుట్టూ, చేతి వెడల్పుకొక దెబ్బ చొప్పున తట్టుకుంటూ పోతాడు. చేవ ఉన్న చోట మోత గట్టిగా వస్తుంది, కుళ్లిన చోట డొల్లగా పలుకుతుంది. డొల్ల పలికిన చోట స్క్రూడ్రైవర్ మొన ఆనించి అదుముతాడు. వడ్రంగి కొలతలో అంగుళానికి ఎనిమిది నూళ్లు. మొన రెండు నూళ్ల దగ్గర ఆగితే చెడింది పైపొరే, గీకి రంగు వేస్తే చాలు. అంగుళం దిగితే కుళ్లు లోపలికి చేరినట్టు. ఎక్కువగా దిగేది కింది పట్టె మూలల్లోనే. అద్దం మీద, రెక్క మీద పడిన నీరంతా జారి నిలిచేది అక్కడే.

తర్వాత పురుగు. గోడ నుంచి చట్రం మీదికి మట్టి గొట్టాలు పాకితే నేల నుంచి వచ్చిన చెదలు. కర్రలో చిల్లులుండి కింద సన్నటి గట్టి గుళికలు రాలితే, మట్టితో పనిలేకుండా పొడికర్రలోనే బతికే చెదలు. పిండిలాంటి మెత్తటి పొడి రాలితే పుప్పి. పుప్పి ఎక్కువగా చెట్టు బయటి వరుసలోని తెల్లకర్రను తింటుంది, టేకు చేవను ముట్టడం తక్కువ. నేల చెదలుంటే ముందు గోడకూ పునాదికీ మందు పట్టించాలి. లేకపోతే కొత్త చట్రం వాటికి కొత్త మేత.

ఇక కొలత. ఎదురెదురు మూలల మధ్య టేపు పట్టి రెండు కర్ణాలూ చూస్తాడు. తేడా రెండు నూళ్ల లోపుంటే చట్రం నిలకడగా ఉన్నట్టే. అంగుళం ఉంటే కీళ్లు వదిలాయి, లేదా గోడ కుంగింది. కుంగిన గోడలో కొత్త కిటికీ పెట్టడానికి ఆయన ఒప్పుకోడు. చివరగా చువ్వల మొదళ్లు. ఉప్పుగాలికి తుప్పు పట్టిన ఇనుము లావెక్కి కింది పట్టెను చీలుస్తుంది. ఆ చీలికలోకి నీరు దిగుతుంది.

ఇప్పుడు తీర్పు. కుళ్లు కింది పట్టెలో, నిలువు పట్టెల అడుగున జానెడు లోపు ఉంటే అతుకు వేస్తాడు. చెడిన ముక్కను ఏటవాలుగా కోసి, అదే వాలులో కొత్త ముక్క దించుతాడు. దీనికి అర ఘనపుటడుగు టేకు పడుతుంది. అడుగు రూ.3,500 చొప్పున కర్రకు రూ.1,750. రోజుకు రూ.1,200 కూలితో ఒకటిన్నర రోజుకు రూ.1,800. జిగురు, రంగులతో కలిపి నాలుగు వేలు. రెండు నిలువు పట్టెల్లోనూ కుళ్లు జానెడు దాటి, కీళ్లు కూడా ఊగితే చట్రం మార్చాల్సిందే. పై మూడు పరీక్షలూ నెగ్గిన రెక్కలు మాత్రం ఉంటాయి.

నాలుగడుగుల చదరపు చట్రానికి 4 అంగుళాలు × 3 అంగుళాల కర్ర, గోడలోకి చొచ్చే కొమ్ములతో కలిపి పదిహేడు అడుగుల పొడవు కావాలి. తరుగుతో ఒకటిన్నర ఘనపుటడుగులు, రూ.5,250. డిపోలో తెల్లకర్ర తక్కువగా, రేఖలు నిటారుగా ఉన్న దుంగను ఎంచుతాడు. నీడలో వరుసల మధ్య పుల్లలు పెట్టి ఆరబెడితే నెలలు పడుతుంది. సుమారు 60 డిగ్రీల వేడి గదిలో ఆరబెట్టిన కర్రయితే వారాల్లో సిద్ధం. తేమ మీటరు సూదులు గుచ్చితే 12 శాతం దగ్గర చూపాలి. పచ్చికర్రతో చేసిన చట్రం మొదటి వేసవికే మెలితిరుగుతుంది.

చిత్రిక పట్టి మూలమట్టంతో సరిచూశాక కీళ్లు కోస్తాడు. నిలువు పట్టె కొసను అంగుళం మందాన నాలుకలా చెక్కి, అడ్డపట్టెలో తొలిచిన రంధ్రంలోకి దించుతాడు. వెదురు మేకు కోసం రెంటికీ బెజ్జం వేస్తాడు. అయితే నాలుకలోని బెజ్జాన్ని దాని మొదలు వైపు అర నూలు జరుపుతాడు. మేకు దిగే కొద్దీ కీలు తనంతట తానే లోపలికి గుంజుకుంటుంది. తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ పూసిన పాత చువ్వలను చట్రం బిగించేటప్పుడే ఎక్కిస్తాడు. బిగించాక కర్ణాలు రెండూ 5 అడుగుల 7 అంగుళాల 7 నూళ్లు రావాలి. కింది పట్టె పైతలాన్ని బయటికి వాలుగా చెక్కుతాడు. దాని అడుగున ఒక సన్న గాడి తీస్తాడు. నీటిచుక్క ఆ గాడి దాటి గోడ వైపు పాకదు.

గోడ పని మరునాడు. పైన లింటెల్ ఉందో లేదో ముందు చూస్తారు. పైపట్టె మీదే గోడ బరువుంటే ఆసరా కర్రలు నిలపకుండా పాత చట్రాన్ని కదపరు. కొత్త చట్రం గోడకు ఆనే వైపున తారు పూసి, పక్కకు మూడేసి ఇనుప హోల్డ్‌ఫాస్టులు బిగిస్తారు. తూకం గుండుతో నిలువు, రసమట్టంతో అడ్డం చూసి, 1:2:4 కాంక్రీటుతో పూడుస్తారు. ఏడు రోజులు నీళ్లు పట్టాలి. అప్పటిదాకా రెక్కలు తగిలించరు.

ఎనిమిదో రోజు రెక్కల వంతు. అంచులు చిత్రిక పట్టి, రెక్కకు మూడేసి నాలుగంగుళాల మడతబందులతో వేలాడదీస్తాడు. చుట్టూ ఒక నూలు సందు వదులుతాడు. అంతకన్నా తగ్గితే శ్రావణంలో మళ్లీ బిగుస్తుంది. ఎండి పగిలిన పాత పుట్టీని గీకి, సుద్దపొడిని అవిసెనూనెతో చపాతీ పిండిలా పిసికి అద్దం చుట్టూ ఒత్తుతాడు. అది పొర కట్టడానికి వారం, పది రోజులు పడుతుంది. ఆ తర్వాతే ఎనామిల్ రంగు, రోజు ఎడంతో రెండు పూతలు.

లెక్క తేలితే కర్రకు రూ.5,250, వడ్రంగికి రెండున్నర రోజులకు రూ.3,000, తాపీ పనికి రూ.1,800, సిమెంటు, ఇనుము, రంగులకు రూ.1,500. మొత్తం రూ.11,550. ఊరిని, కర్ర రకాన్ని బట్టి ఇది మారుతుంది. అతుకు ఖర్చుకు ఇది దాదాపు మూడింతలు కాబట్టే మేస్త్రి తీర్పుకు అంత సమయం తీసుకుంటాడు. తీసేసిన చట్రాన్నీ పొయ్యిలోకి పంపడు. అందులో గట్టిగా మోగిన పైపట్టెను కోసి, అదే ఇంట్లో అతుకు అడుగుతున్న మరో కిటికీకి పక్కన పెడతాడు. ఏళ్ల తరబడి ఆరిన ఆ చేవకు ఇంకే వేడి గదీ అక్కర్లేదు.