గురు శబ్దము

విజయవాడ బీసెంటు రోడ్డున సమవయస్కులైన మిత్రులు ఒకరినొకరు “గురూ!” అని పిలుచుకొనుట విద్యార్థులు వినియే యుందురు. ఈ చనువు మాట సంస్కృతమునుండి వచ్చినది. అచట దాని మొదటి యర్థము బరువైనది యని. గురుత్వాకర్షణములోని గురుత్వము ఆ బరువే. అందుండియే పూజ్యుడు, తండ్రి, ఆచార్యుడు అను నర్థములు కలిగినవి. దేవగురువగు బృహస్పతి పేర గురువారము వెలసినది. ఛందస్సున రెండు మాత్రల యక్షరము గురువు.

విద్య నేర్పువానికి దేశికుడు, పంతులు, అయ్యవారు, ఒజ్జ అనియు పేర్లు కలవు. ఒజ్జ యనునది ఉపాధ్యాయ శబ్దమునకు వికృతి. ఆంగ్లమునను గురుశబ్దము చేరి, ఏదేని విషయమున ఆరితేరినవాడను నర్థము నిచ్చుచున్నది.

తోటివానిని “గురూ” యనిన చెలిమి. బడిలో అయ్యవారిని అట్లే పిలిచిన అమర్యాద. “గురువుగారూ” యనినంతనే అది గౌరవమగును. మాట యొక్కటియే, దాని బరువు నెరిగి పలుకవలెను.